పాత సింథసైజరు: పెట్టెపై మమకారమా, నాదముపై జ్ఞానమా?

తెనాలి ప్రాంతపు పెద్దలలో ఈలపాట రఘురామయ్యగారి పేరు ఎరుగనివారు అరుదు. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో 1901వ సంవత్సరమున జన్మించిన కల్యాణం రఘురామయ్యగారు రంగస్థలముపై పద్యమును గొంతుతో పాడుటయే గాక ఈలతోను పాడెడివారు. ప్రక్కన హార్మోనియము మ్రోగుచుండెడిది. చుండూరు, తెనాలి, రేపల్లె, బాపట్ల పల్లెలలో పద్యనాటకములు చూచి పెరిగినవారికి ఈ రెండు నాదములును ఒకే జ్ఞాపకములోని భాగములు. భౌతికశాస్త్ర దృష్టిలో మాత్రము ఒకదానికొకటి చాల దూరము. ఈల దాదాపు ఒకే పౌనఃపున్యము గల శుద్ధనాదము. హార్మోనియము రీడునుండి వెలువడు నాదములోనో, మూలస్వరముతోపాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు పౌనఃపున్యము గల అనుస్వరములు అనేకము కలిసియుండును. ఈల ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారగలదు. హార్మోనియము మెట్టునుండి మెట్టునకు దూకవలసినదే.

ఈ రెండింటి నడుమనున్న ప్రదేశమంతయు మనుష్యుని చేతికి అందించిన యంత్రము సింథసైజరు. శుద్ధనాదమునుండి రీడునాదమువరకు, మెట్టునుండి జారువరకు, ఏది కావలసిన అది విద్యుత్తుతో కల్పించవచ్చును.

ఇటీవలి సంవత్సరములలో 1960, 1970, 1980 దశకములనాటి పాత సింథసైజర్లపై లోకమంతట మమకారము పెరిగినది. వాటికొరకు వెదకువారు, కొని అద్దాల బీరువాలో దాచుకొనువారు, అసలైన నాదము వాటిలోనే కలదని వాదించువారు ఎక్కువైనారు. ఈ మాట మన విద్యార్థుల చెవికిని చేరుచున్నది. ఎలక్ట్రానిక్ సంగీతము నేర్వదలచిన పిల్లవాడు మొదట అడుగు ప్రశ్న "ఏ పెట్టె కొనవలెను?" అనునదే. ఆ ప్రశ్న సరియైనదా కాదా అని పరీక్షించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నోటిలోని సింథసైజరు

యంత్రమును అర్థము చేసికొనుటకు యంత్రము అక్కరలేదు. చదువరులు ఒకే శ్రుతిలో "ఊ" అని మొదలుపెట్టి, ఊపిరి తీయకుండ మెల్లగా "ఓ" మీదుగా "ఆ"కు రావలెను. శ్రుతి మారలేదు. బిగ్గరతనము కొద్దిగా మారినది. కాని నాదము యొక్క రంగు పూర్తిగా మారినది. ఏమి జరిగినది? కంఠములోని స్వరతంత్రులు మొదటినుండి చివరివరకు అనుస్వరములతో నిండిన ఒకే నాదమును పుట్టించుచుండెను. నోరు, నాలుక, పెదవులు వాటి ఆకారమును బట్టి కొన్ని అనుస్వరములను బలపరచి, కొన్నింటిని అణచివేసెను.

సింథసైజరులోని ముఖ్యభాగములు కూడ ఇవియే. స్వరతంత్రుల స్థానములో డోలకము ఉండును. నోటి స్థానములో వడపోత, అనగా ఫిల్టరు, ఉండును. ఊపిరిని బట్టి నాదము పుట్టి, పెరిగి, నిలిచి, అణగునట్లు చేయు మూడవ భాగమును ఎన్వలప్ అందురు. వీణ తీగను మీటినప్పుడు నాదము ఒక్కసారిగా లేచి క్రమముగా తగ్గును. సన్నాయి ఊదినప్పుడు లేచిన నాదము ఊపిరి ఉన్నంతసేపు నిలుచును. ఈ తేడాను ఎన్వలప్ కల్పించును.

డోలకము ఇచ్చు తరంగముల ఆకారము కూడ ముఖ్యమైనదే. రంపపు పండ్లవంటి తరంగములో అన్ని అనుస్వరములును ఉండును. రెండవదాని బలము మూలస్వరములో సగము, మూడవదానిది మూడవవంతు, ఈ విధముగా తగ్గుచుపోవును. చతురస్ర తరంగములో 1, 3, 5, 7 మొదలగు బేసి అనుస్వరములు మాత్రమే ఉండును. శుద్ధ సైన్ తరంగములో మూలస్వరము తప్ప ఏమియు ఉండదు. అదియే దాదాపు రఘురామయ్యగారి ఈల.

అమెరికా దేశస్థుడు రాబర్ట్ మోగ్ 1964లో ఈ భాగములన్నిటిని ఒకే సూత్రముతో కట్టెను. డోలకమునకు ఇచ్చు విద్యుత్ పీడనము ఒక వోల్టు పెరిగినచో పౌనఃపున్యము రెట్టింపగును, అనగా స్వరము ఒక స్థాయి పైకి పోవును. స్థాయిలో 12 స్వరస్థానములు కనుక, ఒక్కొక్క స్థానమునకు వోల్టులో పన్నెండవ వంతు, అనగా సుమారు 83 మిల్లీవోల్టులు చాలును. మన చెవి పౌనఃపున్యములను భేదముతో గాక నిష్పత్తితో కొలుచును. ఆ శారీరక సత్యమును మోగ్ విద్యుత్ పరికరములో పొందుపరచెను. లాగరిథములు ఎందుకని అడుగు విద్యార్థికి ఇంతకన్న చక్కని జవాబు దొరకదు.

పాత యంత్రములో మెచ్చదగినది ఇదియే. ప్రతి భాగమునకు ఒక బిరడా ఉండును. ఒక బిరడా ఒక పని చేయును. త్రిప్పినవాడు కారణమును కంటితో చూచును, ఫలితమును చెవితో వినును.

అహమ్మదాబాదు పాఠము

ఈ విద్య మన దేశమునకు ఆలస్యముగా వచ్చినదనుకొనుట పొరపాటు. అహమ్మదాబాదులోని జాతీయ రూపకల్పన సంస్థలో 1969లోనే మోగ్ సింథసైజరుతో ఒక ఎలక్ట్రానిక్ సంగీతశాల ఏర్పడెను. దానిని అమర్చినవాడు అమెరికా స్వరకర్త డేవిడ్ ట్యూడర్. గీతా సారాభాయి, ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్. సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా మొదలగువారు అక్కడ కృషి చేసిరి. వారి టేపులు దశాబ్దముల తరబడి సంస్థ భాండాగారములో మరుగునపడియుండగా, బ్రిటనులోని కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీసెను. 1969 నుండి 1972 వరకు చేసిన ముద్రణలలో కొన్ని 2023లో సంపుటిగా వెలువడెను.

వీటిని నేడు విన్నవారికి కొన్నిచోట్ల ఇవి సంగీతమా, ప్రయోగశాల పుస్తకమా అను సందేహము కలుగును. ఒక తరంగము మెల్లగా పైకి పోవును, విరుగును, మరియొకదానితో ఢీకొనును. రాగమును ఆశించి విన్నచో నిరాశ తప్పదు. కాని నేర్చుకొనువాని దృష్టితో విన్నచో అందులో ఒక నిజాయితీ కలదు. యంత్రము ఏమి చేయగలదో వారు ముందుగా తెలిసికొనగోరిరి. తెలిసిన పాటను దానిచేత పాడించుటకు తొందరపడలేదు. పూర్తియైన రచనలుగా ఇవి అసంపూర్ణములు. పాఠములుగా మాత్రము విలువైనవి.

పది రాగములు, ఒక పెట్టె

దీనికి పూర్తిగా భిన్నమైన మార్గము బొంబాయి చలనచిత్ర వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్‌ది. ఆయన 1982లో పది హిందూస్థానీ రాగములను డిస్కో తాళముపై వాయించి ఒక గ్రామఫోను రికార్డు వెలువరించెను. మూడు రోలాండ్ కంపెనీ యంత్రములు ఇందులో పనిచేసినవి. రాగమునకు జూపిటర్-8, మంద్రస్వరముల వరుసకు టిబి-303, తాళమునకు టిఆర్-808. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు కొద్దిమంది. 2010లో పునర్ముద్రణ జరిగిన తరువాత పాశ్చాత్య పత్రికలు దానిని ఆకాశమునకెత్తినవి. కారణమేమనగా, 1987లో చికాగో యువకులు ఇదే టిబి-303తో "ఆసిడ్ హౌస్" అను నృత్యసంగీతమును లోకమునకు ఎరుకపరచిరి. ఐదేండ్లు ముందుగానే ఒక భారతీయుడు అట్టి నాదమును చేసెనని వారి ఆశ్చర్యము.

ఈ పొగడ్తలో సగము మాత్రమే న్యాయము. చికాగోవారు యంత్రము నడచుచుండగా వడపోత బిరడాను చేతితో త్రిప్పి, నాదపు రంగు మారుటనే సంగీతముగా చేసికొనిరి. సింగ్ ఆ యంత్రమును రాగమునకు తోడుగా ఉంచెను. ఇరువురి ఉద్దేశములు వేరు. ఒకనిని మరియొకనికి ముందువాడనుటకంటె, అతడు చేయదలచినది ఎంతవరకు నెరవేరినదని విచారించుట మేలు.

మన కర్ణాటక సంగీతపు చెవితో విన్నచో తేడా తెలియును. భూపాలి మన మోహనకును, మాల్‌కౌంస్ మన హిందోళమునకును సమీపములు. ఐదు స్వరముల ఈ రాగములు యంత్రముపై చక్కగా నిలిచినవి. స్వరముల నడుమ ఎడము ఎక్కువగుటచే ప్రతి స్వరమును స్పష్టముగా వినబడును. క్రింద మంద్రస్వరముల వరుస మరల మరల వచ్చుట వలన శ్రుతిపెట్టె చేయుపని కొంత నెరవేరినది. తోడి విషయము అట్లు కాదు. హిందూస్థానీ తోడి మన శుభపంతువరాళికి సమీపము. అందులోని రిషభ గాంధారములు మెట్టు మీద నిలుచునవి కావు. అవి ఆధారస్వరము వైపు ఒరిగి, కంపించి, వెనుకకు పోవలెను. జూపిటర్-8లో స్వరమునుండి స్వరమునకు జారు సదుపాయము కలదు, సింగ్ దానిని నేర్పుతో వాడెను. అయినను జారు వేరు, గమకము వేరు. జారునకు మొదలు, చివర మాత్రమే ముఖ్యము. గమకమునకు నడుమ ఎక్కడ ఎంతసేపు ఆగవలెనో అది ముఖ్యము. టిబి-303లోనైతే జారు కాలము యంత్రము నిర్ణయించినదే, వాయించువాని వశములో లేదు. ఇక తాళము ఎక్కడను రాగమునకు తలయొగ్గదు.

కాబట్టి ఈ రికార్డు అద్భుతమును కాదు, వింత వస్తువును కాదు. మంచి వాద్యకారుడు క్రొత్త యంత్రము ముందు కూర్చుండి, అది ఎక్కడ తనకు లొంగినదో, ఎక్కడ తాను దానికి లొంగెనో దాచకుండ వినిపించిన పని. ఉపాధ్యాయులు భూపాలిని, తోడిని ఒకదాని తరువాత ఒకటి వినిపించినచో ఒక పీరియడులో చెప్పలేని విషయము పది నిమిషములలో తెలియును.

మెట్టులలోని లెక్క

యంత్రము మీది మెట్టులు ఎందుకు చాలవో లెక్క వేసి చూడవచ్చును. షడ్జమము సెకనుకు 240 కంపనములు అనుకొందము. సహజ నిష్పత్తి 3:2 ప్రకారము పంచమము 360. నిష్పత్తి 5:4 ప్రకారము అంతర గాంధారము 300. కీబోర్డు మీద స్థాయిని 12 సమభాగములుగా విభజింతురు. ప్రతి మెట్టు ముందుదానికి సుమారు 1.0595 రెట్లు. ఆ లెక్కన పంచమము 359.6, గాంధారము 302.4 అగును.

పంచమములోని లోపము స్వల్పము. గాంధారములోనిది చెవికి తగులును. షడ్జము యొక్క ఐదవ అనుస్వరము 1200. సహజ గాంధారము యొక్క నాలుగవ అనుస్వరము కూడ 1200 కనుక రెండును కలిసిపోవును. కీబోర్డు గాంధారపు నాలుగవ అనుస్వరము సుమారు 1209.5. ఈ రెండింటి భేదము వలన సెకనుకు తొమ్మిది పది విస్పందనములు పుట్టి, నాదము వణకుచున్నట్లు తోచును.

హార్మోనియముపై వచ్చిన ఆక్షేపణలలో ఇదియు ఒకటి, మెట్టుల నడుమ జారలేకపోవుట మరియొకటి. ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించెను. 1971లో గాని ఆ నిషేధము కొంతవరకు సడలలేదు. అంతకాలమును తెనాలి ప్రాంతపు నాటకశాలలలో హార్మోనియము మ్రోగుచునే యుండెను. ఆనాడు పరాయిదని నిందింపబడిన పెట్టె నేడు మన పెద్దల కన్నులు చెమర్చు జ్ఞాపకమైనది. నిందలోని లెక్క నాడు నిజము, నేడును నిజము. మన మనస్సు మాత్రము మారినది. మమకారము తీర్పు కాదని దీనివలన తెలియుచున్నది. వాద్యమును వయస్సుతో తూచరాదు, అది చేయగల పనితోను చేయలేని పనితోను తూచవలెను.

చవక అను గుణము

పాత సింథసైజర్ల కథలో మరియొక విచిత్రము కలదు. టిబి-303ను ఒంటరిగా సాధన చేయు గిటారు వాద్యకారులకు మంద్రస్వర సహకారము ఇచ్చుటకై తయారుచేసిరి. ఆ పని అది బాగుగా చేయలేదు. 1984లో తయారీ ఆగిపోయెను. కొన్నవారు వదలించుకొనగా అవి పాతసామానుల అంగళ్లలో తక్కువ ధరకు దొరకెను. చేతిలో డబ్బులేని చికాగో యువకులు వాటిని కొని, పుస్తకములో లేని విధముగా త్రిప్పి, క్రొత్త సంగీతము కనుగొనిరి. వారికి ఆ యంత్రము దొరకినది అది గొప్పదగుట వలన కాదు, చవకదగుట వలన.

నేడు అదే యంత్రము పాతది, అపురూపమైనది అను పేరుతో లక్షల రూపాయలు పలుకుచున్నది. మమకారము ఏ గుణము వలన పుట్టినదో ఆ గుణమునే చంపినది. చుండూరు విద్యార్థికి ఎవరైన అసలైన నాదము ఆ పెట్టెలోనే కలదని చెప్పినచో, ఈ విద్య నీకు అందదని చెప్పినట్లే. నా ఆక్షేపణ పాత యంత్రములపై కాదు, ఈ మాటపై.

అయినను మమకారములో ఒక సత్యము కలదు, దానిని ఒప్పుకొనవలెను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో జాన్ చౌనింగ్ 1967లో ఒక క్రొత్త మార్గము కనుగొనెను. ఒక తరంగముచే మరియొక తరంగపు పౌనఃపున్యమును వేగముగా మార్చినచో, గంటలు, తీగెలు, ఇత్తడి వాద్యముల నాదములు పుట్టును. ఆ సూత్రముపై యమహా కంపెనీ 1983లో వెలువరించిన డిఎక్స్-7 లోకమంతట ప్రబలెను. అందులో ఒక్కొక్క పనికి ఒక బిరడా లేదు. చిన్న తెర, కొన్ని మీటలు, కంపెనీవారు ముందే నింపిన నాదములు. సూత్రము కఠినము, త్రోవ ఇరుకు. అందుచేత పలువురు నాదమును కల్పించుట మాని, ఉన్నదానిని ఎన్నుకొనుటకు అలవాటుపడిరి.

నేడు మన పల్లెలలో ప్రార్థనాలయములలోను, పెండ్లి ఊరేగింపులలోను, భజనలలోను వినబడు కీబోర్డు ఆ వంశమునకు చెందినదే. పలుచోట్ల క్యాసియో అను కంపెనీ పేరే వాద్యమునకు పేరైపోయినది. వాయించు యువకుని చెవి, వేళ్లు మెచ్చదగినవి. ఒకసారి విన్న పాటను పలికించును. కాని ఫలాని సంఖ్య నొక్కినచో వేణువు, ఫలాని సంఖ్య నొక్కినచో వయొలిన్ అని మాత్రమే అతనికి తెలియును. ఆ వేణువు ఎందుకు వేణువైనదో చెప్పువారు లేరు. చలనచిత్ర సంగీతశాలలో ఆ విద్య గురుముఖమున అబ్బెడిది. ఎ. ఆర్. రహమాన్ స్వరకర్త కాకమునుపు మన రాజ్-కోటి ద్వయము వద్ద కీబోర్డు వాయించినవాడే. అట్టి అవకాశము అందరికి దొరకదు. దొరకనివారికొరకే పాఠశాల ఉన్నది.

తరగతి గదిలో

బిరడాల యంత్రమిచ్చిన విద్య నేడు ఖర్చు లేకుండ దొరకును. ఆడాసిటీ, ప్యూర్ డేటా, పాఠశాలలను దృష్టిలో ఉంచుకొని చేసిన సోనిక్ పై, ఇవన్నియు ఉచితముగా లభించు కంప్యూటరు కార్యక్రమములు. పాఠశాలలోని సాధారణ కంప్యూటరు, రెండు స్పీకర్లు ఉన్నచో ఈ క్రింది ప్రయోగములు చేయవచ్చును.

మొదటిది. 240 కంపనముల సైన్, చతురస్ర, రంపపు తరంగములను వరుసగా వినిపింపుడు. ఈలకు ఏది దగ్గర, హార్మోనియమునకు ఏది దగ్గర అని విద్యార్థులను అడుగుడు.

రెండవది. 240, 300 రంపపు తరంగములను కలిపి వినిపింపుడు. పిమ్మట 300 స్థానములో 302.4 ఉంచుడు. వణకు వినబడును. ఇదే ప్రయోగమును సైన్ తరంగములతో చేసినచో ఆ వణకు ఉండదు. ఎందుకు ఉండదో విద్యార్థులే చెప్పవలెను. అనుస్వరములు లేనిచోట అవి ఢీకొనుట ఎక్కడిది?

మూడవది. రంపపు తరంగములోని పై అనుస్వరములను వడపోతతో క్రమముగా తగ్గింపుడు. "ఆ" అను నోరు "ఊ" అని మూసికొన్నట్లు వినబడును.

నాలుగవది. మోహన రాగపు ఆరోహణమును మెట్టులుగా వాయింపజేయుడు. అటుపిమ్మట పాట నేర్చిన విద్యార్థిచేత పాడింపుడు. రెండింటిలోని తేడాను వ్రాయింపుడు. విమర్శ అనగా ఇదియే.

ఈ పని చేసిన విద్యార్థికి ఒకనాడు పాత మోగ్ గాని జూపిటర్ గాని ఎదురుపడినచో, అతడు దానిని పూజింపడు, చిన్నచూపును చూడడు. ఏ బిరడా ఏమి చేయునో తెలిసి త్రిప్పును. ఎదురుపడకపోయినను అతనికి లోటులేదు. సుద్దపల్లి నటుడు ఏ పెట్టెయు లేకుండ, రెండు పెదవుల నడుమనుండి శుద్ధనాదమును పుట్టించి, దానిని రాగముగా జార్చెను. ఆ పెదవులు ప్రతి విద్యార్థికిని కలవు. రేపటి తరగతిలో ధ్వని పాఠమును ఒక ఈలతో మొదలుపెట్టినచో ఏ ప్రధానోపాధ్యాయుడును ఆక్షేపింపడని నా నమ్మకము.